పరిశోధన పత్రం రెండవ ప్రతి: కొండవీటి చరిత్ర రచనపై ఒక పరిశీలన

పరిశోధన పత్రాన్ని సవరించడం అనగానే చాలామందికి తోచేది భాషను దిద్దడం. అచ్చుతప్పులు తీసివేయడం, పేరాలు ముందువెనుకలు చేయడం, పరీక్షకుడు అడిగిన రెండు ఆధారాలు అడుగున చేర్చడం, అంతటితో సవరణ ముగిసిందనుకుంటారు. పత్రం చెప్పదలచిన మాట మాత్రం మొదటి ప్రతిలో ఎలా ఉన్నదో చివరి ప్రతిలోనూ అలాగే ఉంటుంది. ముస్లిముల చరిత్రకు సంబంధించి తెలుగులో వచ్చే పత్రాలలో ఈ అలవాటు కొంచెం ఎక్కువగానే కనబడుతుంది. దీనికి కారణం లేకపోలేదు. నిందకు జవాబు చెప్పాలనే ఆతురతతో వ్రాసిన పత్రం న్యాయస్థానంలో ఇచ్చిన వాంగ్మూలం వంటిది. వాంగ్మూలంలో ఒక్క మాట మార్చుకున్నా ఎదుటివానికి బలం చేకూరుతుందని భయం.

ఈ భయం వల్ల జరిగే నష్టం ఎటువంటిదో పల్నాటి చరిత్రపై వచ్చిన రచనలను ముందుంచుకొని చూడవచ్చు. నరసరావుపేట కేంద్రంగా 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన పల్నాడు జిల్లాలో గురజాల, మాచర్ల, కారెంపూడి గల పాత పల్నాటి సీమతోబాటు, ఆ సీమకు వెలుపల ఉండిన కొండవీడు కూడా చేరింది. పల్నాడు అనగానే అందరికీ బ్రహ్మనాయుడు, నాయకురాలు నాగమ్మ, కోడిపోరు గుర్తుకు వస్తాయి. ఆ సంగతి తరువాత. ముస్లిముల ప్రసక్తి గల చరిత్రకు మాత్రం కొండవీడే ముఖ్యస్థానం. ఆ దుర్గానికి సంబంధించి మూడు వేర్వేరు కాలాల సాక్ష్యాలు ఉన్నాయి.

మొదటిది రెడ్డిరాజుల నాటిది. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యానికి లొంగిపోయిన తరువాత, 1325 ప్రాంతంలో ప్రోలయ వేమారెడ్డి అద్దంకిలో రాజ్యం స్థాపించాడు. అతని తరువాత రాజధాని కొండవీటికి మారింది. మ్లేచ్ఛులనే సముద్రానికి అగస్త్యుని వంటివాడని వేమారెడ్డిని శాసనాలు కీర్తించాయి. మ్లేచ్ఛుల వశమైన అగ్రహారాలను తిరిగి బ్రాహ్మణులకు ఇప్పించినవాడని కూడా చెప్పాయి. రెండవది 1515 నాటిది. ఆ ఏడు జూన్‌లో కృష్ణదేవరాయలు గజపతుల చేతినుండి కొండవీటిని పట్టుకున్నాడు. ఆ విజయాన్ని చెప్పే శాసనాలలో ప్రాణాలతో పట్టుబడిన ప్రముఖుల పేర్లు వరుసగా ఉన్నాయి. ప్రతాపరుద్ర గజపతి కుమారుడు వీరభద్రుడు, కుమార హంవీరుని కొడుకు నరహరి, వారి వెంట రాచూరి మల్లూఖాను, ఉద్దండఖాను. ఓఢ్ర రాజు కోటలో, హిందూ సామంతుల సరసన, ఇద్దరు ఖానులు రాయల సైన్యంతో పోరాడి పట్టుబడ్డారన్నమాట. శాసనం వ్రాయించినవారికి ఇందులో వింత ఏమీ కనబడలేదు. ఇతర ప్రముఖుల వరుసలోనే వారినీ లెక్కవేశారు. మూడవది 1579–80 ప్రాంతపు సంగతి. ఇబ్రాహీం కుతుబ్‌షా కాలాంతంలో గోల్కొండ సేనలు కృష్ణకు దక్షిణాన దిగినప్పుడు కొండవీడు వారి వశమైంది. దానికి ముర్తజానగర్ అనే పేరు వచ్చి, తరువాతి పాలనా పత్రాలలో స్థిరపడింది.

ఈ మూడింటిలో ఏ ఒక్కదానిని పట్టుకున్నా ఒక పత్రం తయారవుతుంది. మొదటిదానితో వైరం కథ, రెండవదానితో సామరస్యం కథ, మూడవదానితో జయాపజయాల కథ. మూడు కథలకూ ఆధారం కొండవీడే, మూడింటిలోనూ అబద్ధం లేదు. అయినా ఏ ఒక్కటీ చరిత్ర కాదు. ఒకదాని ప్రక్కన రెండవదానిని తేదీల వరుసలో పెట్టినప్పుడు, మొదట వ్రాసుకున్న మాట ఎంతవరకు నిలుస్తుందో, ఎక్కడ కుదించుకోవాలో తెలుస్తుంది. పరిశోధన పత్రానికి సవరణ అనదగినది ఈ పనే.

ఈ పని జరగక మునుపు పండితులు ఏమి చేశారో కూడా చెప్పుకోవాలి. నేలటూరి వెంకటరమణయ్యగారు దక్షిణదేశంలో ముస్లిం విస్తరణ తొలిదశపై 1942లోను, మల్లంపల్లి సోమశేఖరశర్మగారు ముసునూరి నాయకులను గురించి 1945లోను, రెడ్డి రాజ్యాల గురించి 1948లోను ఆంగ్లంలో వ్రాసిన గ్రంథాలు నేటికీ తప్పక చదవవలసినవే. తూర్పు గోదావరి ప్రాంతపు విలస గ్రామానికి సంబంధించిన ప్రోలయనాయకుని తామ్రశాసనాన్ని ఎపిగ్రాఫియా ఇండికాలో పరిష్కరించి ప్రకటించిన వారు కూడా వీరిద్దరే. ప్రతాపరుద్రుడనే సూర్యుడు అస్తమించగా యవనులనే చీకటి లోకాన్ని కమ్మిందని ఆ శాసనం వర్ణిస్తుంది. ఈ వర్ణనను, వేమారెడ్డి బిరుదాలను కలిపి చదివి, 14వ శతాబ్దిలో ఆంధ్రదేశంలో మతరక్షణ కోసం ఒక విమోచనోద్యమం నడిచిందని ఆ పెద్దలు నిర్ణయించారు. వారు శాసనంలోని ఒక్క అక్షరాన్నీ వక్రీకరించలేదు. అయితే వారు వ్రాసిన సంవత్సరాలను గమనించాలి. విమోచన, ఉద్యమం అనే మాటలు 1940ల నాటి గాలిలో ఉన్న మాటలు. శాసనకవి వాడిన చీకటి వెలుగుల అలంకారం ఆ మాటలలోనికి మారినప్పుడు, ఇరవై ముప్పై సంవత్సరాల నాటి ప్రత్యేక పరిస్థితి అంతా మూడు శతాబ్దుల సాధారణ స్వభావంగా మారిపోయింది. పాఠ్యపుస్తకాలు దానినే అందుకున్నాయి.

దీనికి ప్రతిగా మన పక్షంవారు వ్రాసినదేమిటి? చాలావరకు రెండవ రకం సాక్ష్యాలను ఏరి తెచ్చి పోగువేయడమే. వారు బిరుదాలు ఏరితే వీరు స్నేహాలు ఏరారు. ఎవరి బుట్ట వారిది.

ఈ చిక్కును విప్పిన రచన అమెరికా దేశపు చరిత్రకారిణి సింథియా టాల్బట్ గారిది. ఆమె 1988లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత వ్యాసం మధ్యయుగపు ఆంధ్రదేశంలో దేవాలయాలకు, బ్రాహ్మణులకు ఇచ్చిన దానాలను గురించినది. కాకతీయుల కాలపు దానశాసనాలు దానికి ముఖ్యాకరాలు. ముస్లిముల ప్రశ్న దానికి ప్రధాన విషయం కాదు. 1995లో ఆమె ఒక పరిశోధన పత్రికలో ప్రకటించిన పత్రం అదే శాసన పరిచయాన్ని 1323 నుండి 1650 వరకు పొడిగించి, వేరొక ప్రశ్న వేసింది: ఆంధ్ర శాసనాలు ముస్లిములను ఏ సంవత్సరంలో, ఏ మాటతో, ఏ సందర్భంలో పేర్కొన్నాయి? 1992 డిసెంబరు తరువాత హిందూ ముస్లిం గుర్తింపుల పుట్టుక గురించి పండితులు తీవ్రంగా వాదించుకొంటున్న రోజులవి. రెండు మతాల భేదమంతా ఆంగ్లేయులు కల్పించినదే అని కొందరు, అనాదిగా ఉన్నదే అని కొందరు నిలిచారు. ఆ పత్రం ఈ రెండు వాదాలలో దేనినీ పూర్తిగా ఒప్పుకోలేదు.

దాని వాదాన్ని కొండవీటి భాషలో చెప్పుకుంటే ఇలా ఉంటుంది. మ్లేచ్ఛులను రాక్షసులుగా చిత్రించే వర్ణనలు 1323 తరువాతి కొన్ని దశాబ్దులలో దట్టంగా ఉన్నాయి. అప్పుడు పాత రాజ్యం కూలిపోయి, కొత్త నాయకులు తమ అధికారానికి ఆధారం వెదుక్కుంటున్నారు. కాకతీయుల వారసులం మేమే అని చెప్పుకోవడానికి ఆ వర్ణన వారికి అవసరమైంది. 15వ శతాబ్ది నడిచేసరికి సరిహద్దులు కుదుటపడ్డాయి, వర్ణనలోని వేడీ తగ్గింది. ఢిల్లీ, దక్కను సుల్తానులు అశ్వపతులుగా, ఓఢ్ర రాజులు గజపతులుగా, విజయనగర రాజులు నరపతులుగా ముగ్గురూ సమాన సింహాసనాలవారని చెప్పుకొనే పద్ధతి వచ్చింది. 16వ శతాబ్ది చివర గోల్కొండ సేనలు దక్షిణానికి కదిలినప్పుడు పాత వేడి మళ్లీ కొంత కనబడుతుంది. ఇంకొక సంగతి కూడా ఆమె ఎత్తిచూపారు. శాసనాలు ముస్లిములను మతనామంతో పిలవడం అరుదు. తురకలు, యవనులు అనేవే ఎక్కువ. అవి జాతిని, దేశాన్ని తెలిపే మాటలు. మ్లేచ్ఛుడంటే ఆచారం తెలియని పరాయివాడు.

వేడి తగ్గిందనడానికి శాసనాలకు వెలుపల కూడా మంచి సాక్ష్యం ఉంది. పెదకోమటి వేమారెడ్డి కొలువులో విద్యాధికారిగా ఉండిన శ్రీనాథుడు, కొండవీటి ప్రాభవం తగ్గాక రాజమహేంద్రవరం రెడ్ల ఆశ్రయంలో భీమేశ్వర పురాణం వ్రాశాడు. దానిని అంకితం పొందిన బెండపూడి అన్నయమంత్రికి అరబీ, తురుష్క భాషలు తెలుసునని అందులో పొగడ్తగా చెప్పాడు. వేమారెడ్డి బిరుదాలు పుట్టి అప్పటికి నూరేళ్లు. అదే రెడ్డి కుటుంబాల కొలువులలో, ఒక తెలుగు మంత్రికి అరబీ తెలియడం గౌరవ చిహ్నమైంది. హుర్ముజ్ నుండి సరుకులు తెప్పించే అవచి తిప్పయసెట్టికి కొండవీటి రాజ్యంలో ఎంత పలుకుబడి ఉండేదో హరవిలాసం చదివినవారికి తెలుసు. వర్తకం, దౌత్యం నడిచేచోట భాషలు నేర్వక తప్పదు.

2001లో ఆక్స్‌ఫర్డ్ వారు ప్రచురించిన ఆమె గ్రంథం, ప్రీకలోనియల్ ఇండియా ఇన్ ప్రాక్టీస్, చేతికి వచ్చేసరికి సిద్ధాంత వ్యాసానికి పదమూడు సంవత్సరాలు నిండాయి. 1988లో విషయమంతా దానాలే. గ్రంథంలో దేవాలయాలు, దానాల సంగతి ఒక అధ్యాయానికి ఒదిగింది. మిగిలిన చోటును సమాజం, రాజకీయ బంధాలు ఆక్రమించాయి. కాకతీయులను తరువాతి తెలుగువారు ఎలా జ్ఞాపకం పెట్టుకున్నారనేది చివరి పెద్ద అధ్యాయమైంది. ఈ చివరి చేర్పు చాలా విలువైనది. విలస శాసనం కాకతీయుల పతనానికి సాక్షి అని పూర్వులు చదివారు. అది కాకతీయుల జ్ఞాపకాన్ని సొంతం చేసుకొనే ప్రయత్నంలో ఒక ఘట్టమని ఈ అధ్యాయం వెలుగులో చదవవచ్చు. శాసనం మారలేదు, అది ఏ ప్రశ్నకు జవాబు చెబుతున్నదో మారింది. సిద్ధాంత వ్యాసాన్ని అట్ట మార్చి అచ్చు వేసేవారు ఈ రెండు ప్రతుల మధ్య దూరాన్ని గమనిస్తే మేలు.

అయితే ఈ పనిలో లోపాలు లేవనడం సరికాదు. 1995 పత్రం పేరులోనే ఇతరుడు, తాను అనే జంట ఉన్నది. కాని అందులో మాట్లాడేది తాను మాత్రమే. శాసనం వ్రాయించగలవాడు భూమి ఇవ్వగలవాడు. రాజో, నాయకుడో, సెట్టియో అయి ఉంటాడు. అతని కంటికి తురక ఎలా కనబడ్డాడో తెలిసింది. ఆ తురక కంటికి ఈ దేశం ఎలా కనబడిందో ఆ ఆకరాలు చెప్పలేవు. ఫారసీ చరిత్రలను ఇంకా లోతుగా దించి ఉంటే కొంత లోటు తీరేది. అంతకన్న పెద్ద లోటు, పట్టుబడిన ఖానుకు శాసనంలో పేరున్నది కాని, ఏ పల్నాటి ఊరిలోనో దూది ఏకి బ్రతికిన దూదేకులవానికి, గుర్రానికి నాడా కొట్టినవానికి ఏ రాతిమీదా పేరు లేదు. నేటి తెలుగు ముస్లిములలో అత్యధికులు ఈ పేరులేనివారి సంతానమే. సుల్తానుల చరిత్రనే ముస్లిముల చరిత్రగా చదువుకొనే అలవాటును ఈ పత్రం కూడా పూర్తిగా విడిచిపెట్టలేకపోయింది.

రాతిమీద పేరు లేనివారిని వెదకాలంటే వేరొక దారి పట్టాలి. ఆ దారి కూడా పల్నాటిలోనే చూపబడింది. అక్కిరాజు ఉమాకాంతంగారు 1911లో శ్రీనాథుని పేర పల్నాటి వీరచరిత్రను ప్రకటించారు. అప్పటినుండి పండితుల చర్చ అంతా ఆ ద్విపద చుట్టూ తిరిగింది, అందులో నిలిచినది కథలో కొంత భాగమే అయినప్పటికీ. జీన్ రోగైర్ అనే అమెరికన్ పరిశోధకుడు 1970వ దశకంలో పల్నాటికి వచ్చి, అచ్చుపుస్తకాన్ని ప్రక్కనపెట్టి, అలిసెట్టి గాలెయ్య అనే వీరవిద్యావంతుడు పాడిన కథను మొదటినుండి చివరివరకు రికార్డు చేసుకున్నాడు. ఆ కథకు ఆంగ్లానువాదము, దానిపై విపుల పరిశీలన కలిపి 1982లో ఆక్స్‌ఫర్డ్‌లో గ్రంథంగా వెలువడ్డాయి. ఎవరి వీరులను గురించి వ్రాస్తున్నారో వారిని కొలిచే గాయకుని నోటిమాటకు అచ్చుప్రతితో సమానమైన ఆకర గౌరవం దక్కింది. ఈ పద్ధతి ముస్లిం జీవితానికి వర్తిస్తుందా అన్న సందేహం అక్కరలేదు. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయప్ప పేర జరిగే పీర్ల పండుగపై అఫ్సర్ మహమ్మద్ గారు 2013లో ప్రచురించిన ఆంగ్ల గ్రంథం ఆ పనే చేసింది. పీర్ల పండుగ షరీఅత్ దృష్టిలో ఎటువంటిదనేది వేరే చర్చ. దానికి ఉలమాలు ఉన్నారు. ఊరిజనం ఏమి చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నామని చెబుతున్నారో ముందుగా ఉన్నదున్నట్లు వ్రాసుకోవడం పరిశోధకుని విధి.

ఇక మన పత్రాల సంగతి. ఇబ్రాహీం కుతుబ్‌షాను తెలుగు కవులు మల్కిభరాముడన్నారు. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకు అంకితమిచ్చాడు. ఆయన సర్దారు అమీన్‌ఖానుకు పొన్నెగంటి తెలగనార్యుడు అచ్చతెలుగు యయాతి చరిత్రను అంకితం చేశాడు. ఈ వాక్యాలు లేని వ్యాసం ముస్లిముల తెలుగు సేవపై దొరకదు. దొరకవలసిన వాక్యం మరొకటి ఉన్నది. 1579లో, అదే మల్కిభరాముని సైన్యం అహోబిలం ఆలయాన్ని కొల్లగొట్టింది. ఆ దండయాత్రకు నాయకుడు గోల్కొండ కొలువులోని మురహరిరావు అనే మహారాష్ట్ర బ్రాహ్మణుడు, తోడు నిలిచినవారు హండె నాయకులు. కొండవీడు గోల్కొండ వశమైనది ఈ దండయాత్రల రోజులలోనే. సామరస్యం గురించిన పత్రంలో అహోబిలం రాదు. విధ్వంసం గురించిన పత్రంలో మల్కిభరాముడు రాడు. మురహరిరావు ఎవరి పత్రంలోనూ ఇమడడు కనుక రెండు పక్షాలూ అతనిని వదిలివేస్తాయి.

ఎక్కడా ఇమడని సాక్ష్యమే పత్రాన్ని తిరగరాయిస్తుంది. రిచర్డ్ ఈటన్ గారు ఆలయ ధ్వంసంపై 2000లో ప్రకటించిన పత్రం ఇందుకు నిదర్శనం. వేల సంఖ్యలో ఆలయాలు కూలాయనే ప్రచారానికి ఎదురుగా, 1192 నుండి 1760 వరకు తగిన ఆధారం దొరికిన 80 సంఘటనలను తేదీ, స్థలం, కారకుడు, ఆకరంతో పట్టికగా ఇచ్చారు. వాటిలో అధికభాగం ఒక రాజ్యం కూలేచోట, ఓడిన రాజుకు గుర్తుగా నిలిచిన ఆలయానికి జరిగినవని చూపారు. ఈ పత్రాన్ని ముస్లిం రచయితలు సంతోషంతో ఉదహరిస్తారు. ఉదహరించేది సంఖ్య తక్కువ అన్నంతవరకే. ఎనభై జరిగాయనే సంగతి కూడా ఆ పట్టికలోనే ఉన్నది. దొరకని ఆధారాలు ఇంకా ఉండవచ్చునని గ్రంథకర్తే ఒప్పుకున్నారు. ఒక పత్రంలో నచ్చిన సగాన్ని తీసుకోవడం దానిని చదవడం అనిపించుకోదు.

కారెంపూడి వీరుల కథ దగ్గర ప్రలోభం మరొక రూపంలో వస్తుంది. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టించి, కులభేదం లేకుండా అందరినీ ఒకే చాపమీద కూర్చోబెట్టాడని సంప్రదాయం. మాల కన్నమదాసు అతని సేనలో ముఖ్యవీరుడు. నమాజు వరుసలో రాజు ప్రక్కన బంటు నిలబడడం ఎరిగిన పాఠకునికి ఈ సహపంక్తిలో ఇస్లాం ప్రభావం చూడాలని మనసు పోవడం సహజమే. తేదీలు మాత్రం ఒప్పుకోవు. పల్నాటి యుద్ధం 12వ శతాబ్ది చివరి భాగానిదని సాధారణంగా ఎంచుతారు. ఓరుగల్లుపైకి ఖిల్జీ సేనల మొదటి దండయాత్ర 1303లో. తీరంలో అరబ్బు వర్తకుల రాకపోకలు అంతకు ముందే ఉండవచ్చు. గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో పరదేశ వర్తకులకు అభయశాసనం ఇచ్చాడు. అయితే అది కూడా యుద్ధం తరువాతిదే, పైగా రేవులోని వర్తకం నుండి పల్నాటి లోపలి చాపకూటి వరకు దారి చూపే ఆధారం కావాలి. వీరశైవం, వీరవైష్ణవం కులాన్ని ప్రశ్నించిన కాలమది. చాపకూటికి కారణాలు అక్కడే వెదకడం న్యాయం. ఇటువంటి పేరా మొదటి ప్రతిలో దొర్లితే వింత లేదు, రెండవ ప్రతిలో మిగిలితే అది పరిశోధకుని తప్పు.

మాచర్ల ప్రక్కనే మరొక పాఠం నీటి అడుగున ఉన్నది. 1926లో నాగార్జునకొండ శిథిలాలు వెలుగులోకి వచ్చాయి. లాంగ్‌హర్స్ట్ 1927 నుండి 1931 వరకు త్రవ్వించాడు, 1938లో టి.ఎన్. రామచంద్రన్ మళ్లీ త్రవ్వారు. సాగర్ ఆనకట్ట కడుతున్నారని తెలిసి 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యంగారి నాయకత్వంలో లోయనంతా పరిశీలించారు. బౌద్ధ క్షేత్రంగా మొదట పేరుపడిన చోట బ్రాహ్మణ దేవాలయాలు, నగరం, దానికి కోట, అంతకు ముందరి రాతియుగపు జాడలు కూడా బయటపడ్డాయి. అవతలి ఒడ్డున ఏలేశ్వరంలో త్రవ్వించి 1963లో నివేదిక ప్రకటించినవారు రాష్ట్ర పురావస్తుశాఖకు చెందిన మహమ్మద్ అబ్దుల్ వహీద్‌ఖాన్ గారు. ఇక్ష్వాకుల నాటి కృష్ణాతీరాన్ని అంత శ్రద్ధతో పరిశీలించిన ఒక ముస్లిం పండితుని పేరు ముస్లిముల సేవల జాబితాలలో అరుదుగా కనబడడం విచారకరం. సుల్తానులు లేనిచోట మన చరిత్ర కూడా లేదనుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

చెప్పిన మాటను వెనుకకు తీసుకోవడం పరువుతక్కువ అనే భావన ముస్లిం విద్యాసంప్రదాయానికి ఎన్నడూ చెందినది కాదు. ఇమామ్ మాలిక్ (రహమతుల్లాహి అలైహి) ముఅత్తాను ఏళ్ల తరబడి శిష్యులకు వినిపిస్తూ, వడగడుతూ వచ్చారు. అందుకే ఇమామ్ ముహమ్మద్ షైబానీ విన్న ప్రతికి, చివరి రోజులలో చేరిన యహ్యా లైసీ ప్రతికి మధ్య భేదాలున్నాయి. రెండూ నేటికీ చదవబడుతున్నాయి. ఇమామ్ షాఫిఈ రిసాలాను ఒకసారి వ్రాసి, ఈజిప్టు చేరిన తరువాత తిరిగి వ్రాశారు. మనకు దక్కినది ఆ రెండవ ప్రతి. బాగ్దాదు నాటి ఆయన అభిప్రాయాలను పాతమాట అని, ఈజిప్టు నాటివాటిని కొత్తమాట అని ఆయన మద్‌హబ్ పండితులు వేరువేరుగా పేర్కొంటారు. పాతమాటను చెరిపివేయలేదు. కొన్ని విషయాలలో పాతమాటకే బలం ఎక్కువని తరువాతివారు నిర్ణయించిన సందర్భాలూ ఉన్నాయి. ఇద్దరు మహా ఇమాముల పరువు దీనివల్ల తగ్గలేదు.

తెలుగుదేశపు నేలమీద పుట్టిన ఉదాహరణ కావాలంటే డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా ఉన్నారు. 1908లో హైదరాబాదులో పుట్టి, ఉస్మానియాలో చదివి, బాన్‌లో ఒకటి, పారిస్‌లో ఒకటి డాక్టరేట్లు పొందారు. 2002లో అమెరికాలో కన్నుమూశారు. అంతర్జాతీయ న్యాయంపై ఆయన ఆంగ్ల గ్రంథం, ముస్లిం కాండక్ట్ ఆఫ్ స్టేట్, మొదట హైదరాబాదు త్రైమాసిక పత్రిక ఇస్లామిక్ కల్చర్‌లో భాగాలుగా అచ్చయి, తరువాత పుస్తకంగా వచ్చి, కూర్పు కూర్పుకూ సవరణలు పొందింది. హజ్రత్ అబూహురైరా (రజి) శిష్యుడు హమ్మామ్ బిన్ మునబ్బిహ్ వ్రాసుకున్న 138 హదీసుల సహీఫా విషయంలో ఆయన ఓర్పు ఇంకా గొప్పది. బెర్లిన్ ప్రతి ఒక్కటి చేతికి అందగానే అచ్చుకు పరుగెత్తలేదు. దమస్కస్ ప్రతి కూడా లభించాక, రెండింటినీ సరిపోల్చి 1953లో ప్రకటించారు. ముస్నదె అహ్మద్‌లో చేరి ఉన్న హదీసులతో అవి సరిపోవడం, తొలితరంలోనే హదీసులు వ్రాతలో ఉండేవనడానికి గట్టి ఆధారమైంది. మొదటి ఆనందంలో ఒక్క ప్రతితోనే అచ్చు వేసి ఉంటే ఆ ఆధారానికి ఇంత బలం ఉండేది కాదు.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) కాలపు, ఖులఫాయె రాషిదీన్ కాలపు లేఖలు, ఒడంబడికలపై ఆయన 1935లో పారిస్‌లో సమర్పించిన పరిశోధన, 1941లో కైరోలో అల్ వసాయిఖుస్సియాసియ్యా పేర అరబీ గ్రంథమైంది. కొత్త ఆకరాలు దొరికినకొద్దీ తరువాతి కూర్పులలో పత్రాలు చేరుతూ వచ్చాయి. ఒక్కొక్క పత్రానికి మొదటి కూర్పులో ఒక సంఖ్య ఉన్నది. ఇతర పండితులు అప్పటికే ఆ సంఖ్యలతో ఉదహరిస్తున్నారు. కొత్తగా దొరికిన పత్రం మధ్యలో చేరవలసివస్తే హమీదుల్లాగారు పాత సంఖ్యలను జరపలేదు. పాత సంఖ్యనే ఉంచి, దాని ప్రక్కన అలిఫ్, బే అని అక్షరం చేర్చారు. ఏది ముందే ఉన్నదో, ఏది తరువాత వచ్చి చేరిందో ఆ గ్రంథం ఏ పుట తెరిచినా కనబడుతుంది.